తెడ్డు పట్టిన లెక్క

గాలి తిరగబడి, మంచు మధ్యనున్న నీటిచాలు మూసుకుపోయి నాలుగు రోజులైంది. గట్టు మీద దుర్భిణులతో కూర్చున్న తిమింగలాల లెక్కలవాళ్లు నాలుగు రోజులూ సున్నాలు చుట్టారు. ఆ సున్నాలే నిలిస్తే వచ్చే ఏడాది ఊరు మొత్తానికీ వేటాడే అనుమతి ఒక్క తిమింగలానికే. ఒక్కటి! చలికాలమంతా నాలుగొందల ఇళ్లు ఏం తినాలి, ఆ దుర్భిణులా? ఇపలుక్‌కి ఒళ్లు మండిపోయింది. తిమింగలాలు మంచు కిందనుంచే పోతున్నాయని, వీపుతో మంచు పగలగొట్టి ఊపిరి తీసుకుంటాయని, ముప్పైయేళ్లు వేటపడవ నడిపిన మనిషి చెబుతుంటే వినరే!

విన్నది ఆ లెక్కలవాళ్లలో కుర్రదైన మార్గిట్ ఒక్కతే. నీళ్లలో చప్పుళ్లు పట్టే యంత్రాలు రెండు తెచ్చింది. బ్యాటరీతో నడిచేది ఉత్తరాన వేటగాడు అవిక్ గుడారం దగ్గర దింపారు. జనరేటరుతో నడిచేదాన్ని, ఇపలుక్ ఇక్కడ మంచుకి పెట్టిన కన్నంలో దింపి నడిపించారు.

"ఒక్కచోటే వింటే, ఒకే తిమింగలం నలభైసార్లు అరిచిందంటారు పెద్దాయనా. ఒకే కూత రెండుచోట్లా పడాలి. అప్పుడే ఏది ఎక్కడుందో తేలుతుంది," అందామె.

ఇపలుక్ కన్నంలో తెడ్డు దింపి, పిడిని దవడకి ఆనించాడు. సన్నటి మూలుగు ఎముకల్లోకి పాకింది. వచ్చేశాయి! అంతే, చెయ్యి తనంతట తానే పోయి జనరేటర్ ఆపేసింది. తిమింగలం వస్తుంటే మంచు మీద దగ్గు కూడా మింగెయ్యాలని పసితనంనుంచీ నేర్చిన చెయ్యి మరి.

"అయ్యో, ఏం చేశారు! యంత్రం ఆగిపోయింది!" మార్గిట్ మొహం పాలిపోయింది.

"హుష్! మళ్లీ వెయ్యకు. వేశావో, అటునుంచి అటే పోతాయి."

"మరి లెక్కో?"

ఇపలుక్‌కి అప్పుడు తట్టింది. ఊరి తిండి తన చేత్తోనే ఆపేశాడు.

"గడియారం చూస్తావా పిల్లా? నేను చెబుతా, నువ్వు రాయి. ఇదిగో, ఒకటి... ఇప్పుడు ఇంకోటి, గొంతు వేరు..."

కాళ్ల వెనక మంచు కిర్రుమంది. బెత్తెడు పగులు, అందులోంచి నీళ్లు.

"పెద్దాయనా, పగులు!"

"చూశాలే. రాయి."

పగులు జానెడైంది. మూరెడైంది. అతను తెడ్డు తియ్యలేదు. చివరికి మార్గిట్ అతని కోటు పట్టుకుని లాగితే ఇద్దరూ ఒడ్డువైపు దూకారు. యంత్రం ఉన్న పలక సముద్రంలోకి కొట్టుకుపోయింది.

లెక్కలవాళ్ల గుడారంలో వాళ్ల పెద్ద హోల్డెన్ ఆ కాగితం చూసి పెదవి విరిచాడు. "చెవితో విన్నది సాక్ష్యమా?"

"అవిక్ దగ్గరున్న యంత్రంతో సరిచూడండి," అంది మార్గిట్.

కాగితం మీదున్నవి ముప్పైనాలుగు కూతలు. ముప్పైఒకటి అవిక్ యంత్రం పట్టినవాటితో మూడు నాలుగు సెకన్ల తేడాతో సరిపోయాయి.

"మిగతా మూడూ?" హోల్డెన్ తలెత్తాడు.

అవీ తిమింగలాలేనంటే ఎవరు కాదంటారు? ఇపలుక్ తల అడ్డంగా ఊపాడు. "గట్టిగా చెప్పలేను. మంచు కిర్రుమన్నదేమో. కొట్టెయ్."

హోల్డెన్ పెన్సిల్ తీశాడు. మూడూ కొట్టేశాడు. తర్వాత తన లెక్కపుస్తకం తెరిచి నాలుగు సున్నాల్నీ కొట్టేశాడు.

"మంచు కింద పోయేవాటిని కూడా కలిపి, మొదటినుంచీ లెక్కేద్దాం," అన్నాడు.

ఇపలుక్ బయటికొచ్చి, మంచు మీద కూలబడి, వెక్కివెక్కి ఏడ్చాడు.