దేవుడి సినిమాలో నగకూడదు

ఆదోనిలో సినిమా అంటే ఏమిటో తెలిసినవాళ్లు కొందరున్నారు. ఆ సంగతి మనకు చెప్పేది కూడా వాళ్లే. నెలకో ఆదివారం పత్తి కమీషన్ దుకాణం మీది గదిలో చేరతారు. మంచులో ఒక మనిషి రెండు గంటలసేపు నడిచే సినిమా చూస్తారు. తర్వాత కిందికి దిగి, మిరపకాయ బజ్జీలు తింటూ ఆ నడకకు అర్థమేమిటని వాదించుకుంటారు. పాపం, ఆ మనిషికి బస్సు దొరకలేదేమో అని నేనొకసారి అన్నాను. అప్పటినుంచి నా కుర్చీ చివరి వరుసలోకి పోయింది.

నా పేరు నందిని. ఎమ్మిగనూరులో ఒక ప్రైవేటు బడిలో ఇంగ్లీషు చెబుతాను. పిల్లలకు వినిపించడానికి తేలికైన మాటల కోసం నెట్‌లో వెతుకుతుంటే ఒక పాత హాలీవుడ్ సినిమా దొరికింది. నలుపు తెలుపు బొమ్మ, డెబ్బై ఏళ్ల పైమాటే. తీసిన దేశంలోనే దాన్ని పట్టించుకున్న పాపాన ఎవరూ పోలేదు. కింద అభిప్రాయాలు రాసే చోట ఒకే ఒక్కడు రాశాడు, అదీ శబ్దం సరిగా లేదని.

అందులో గొడుగుల దుకాణం నడిపే ఒక తండ్రి, అతని భార్య, నలుగురు పిల్లలు, రాత్రింబగళ్లు పొడుగు అంగీతో తిరిగే తెల్లగడ్డం తాత, వేలాడే చెవుల కుక్క ఒకటి. ఒక విందులో మొగుడు తన గురించి గొప్పలు పోతుంటే పెళ్లాం అందరి ముందూ దిద్దుతుంది. ఆయన మాట్లాడటం మానేస్తాడు. ఆమె మాత్రం ఎందుకు ఊరుకుంటుంది, ఆమె కూడా మానేస్తుంది. ఇక ఆ ఇల్లంతా కుక్క మీదుగా నడుస్తుంది. పులుసులో ఉప్పు ఎక్కువైందని ఆమెకు చెప్పమని ఆయన కుక్కతో అంటాడు. కుక్క మెడ తిప్పి ఆమెను చూస్తుంది. నాలుక మొద్దుబారినవాళ్లకు అట్లాగే ఉంటుందని చెప్పమని ఆమె అంటుంది. కుక్క మళ్లీ మెడ తిప్పుతుంది. ఒకసారి, ఎవరికి వారే ఎదుటివాళ్లకు తెలియకుండా కుక్క దగ్గరికి వచ్చి, రేపు క్షమించమని ఎలా అడగాలో దాని ముందు అప్పజెప్పుకుని పోతారు. రెండూ విన్న కుక్క ఆవులించి పడుకుంటుంది. తెల్లారితే ఇద్దరిలో ఒక్కరికీ నోరు రాదు. ఆ చోట నేను నవ్వీ నవ్వీ ఏడ్చేశాను. అంత నవ్వులో అంత బాధ కలిపి పెట్టగలిగినవాడి పేరు ఈనాడు ఎవరికీ తెలియదంటే అది వాడి తప్పు కాదు.

ఆ సినిమాను ఆదోని మేధావులకు చూపించాను. బుద్ధి గడ్డి తినడం అంటే అదే. సినిమా జరుగుతున్నంతసేపూ ఫోన్లు చూసుకున్నారు. అయిపోయాక వాళ్ల సినిమా సంఘం అధ్యక్షుడు మధు గొంతు సవరించుకున్నాడు. లెన్సు గురించి మాట్లాడకుండా అన్నం ముద్ద మింగలేని మనిషి ఆయన.

"ఇది కాలక్షేపం సినిమా మేడం. ఒకే ఇంట్లో ఉండి కుక్కతో సెప్పి పంపేది యాడన్నా ఉంటాదా? జీవితంలో లేనిది సూపించినాడు. వాస్తవికత లేదు."

అందరూ తలలూపారు. ఆ తలలు ఊపడానికే వస్తాయి. మధు చెమట తుడుచుకుని పక్కన కూర్చున్న రంగన్న వైపు వంగాడు. "ఫ్యాను కొంచెం పెంచమని సెక్రటరీ గారికి సెప్పన్నా" అన్నాడు.

సెక్రటరీ నరసన్న రంగన్నకు అవతలి కుర్చీలోనే ఉన్నాడు. వార్షికోత్సవంలో జ్యోతి ఎవరు వెలిగించాలన్న తగాదా దగ్గర ఆయనకూ మధుకూ మాటలు పోయాయి. నరసన్న కూడా రంగన్న వైపే వంగాడు. "అది ఇంతకన్న తిరగదని అధ్యక్షుల వారికి సెప్పు."

రంగన్న మెడ అటు తిప్పి, ఇటు తిప్పాడు. గదిలో ఒక్కరూ నవ్వలేదు. గురివింద గింజ తన నలుపు ఎరగదంటారు. ఇక్కడ ఒక వరుస కుర్చీల నిండా గింజలే. నేను బ్యాగు తీసుకుని ఎమ్మిగనూరు బస్సెక్కాను.

నాకు అంత కోపం రావడానికి కారణం ఉంది. మా ఊరు సి.బెళగల్ దగ్గర. మా నాయన బసవన్న, అమ్మ మరియమ్మ కూలికి పోతారు. మిరప కోతలు, పత్తి ఏరడం, ఏది దొరికితే అది. ఆ ఇద్దరికీ రెండేళ్లుగా మాటలు లేవు. ఎమ్మిగనూరు సంతకు పోతున్నానని చెప్పి నాయన ఒక శ్రావణమాసంలో ఉరుకుంద ఈరన్న తిరునాళ్లకు పోయాడు. స్నేహితులతో బస్సెక్కి, తిరిగి, తిని, సంచి నిండా బొరుగులు బత్తాసులు పట్టుకొచ్చాడు. అమ్మ ఆ బత్తాసులు తిన్నది. తిని, ఆదివారం చర్చిలో సాక్ష్యం చెప్పే వేళ లేచి నిలబడి, నా పెనిమిటి సంతకని అబద్ధమాడి తిరునాళ్లకు పోయినాడు, ఆయన కోసం ప్రార్థన చేయండని సంఘమంతా వినేలా చెప్పింది. సంఘం ప్రార్థన తర్వాత చేసింది, ముందు నవ్వింది. మొగుడు కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు ఏడ్చినట్టు, నాయనకు ఆ నవ్వే గుచ్చుకుంది. ఆనాటినుంచి అమ్మ మొహం వైపు చూడటం కూడా మానేశాడు.

మా ఇంట్లో కుక్క లేదు. గేదె ఉంది, మా వైపు ఎనుము అంటారు.

"సంగటి సల్లగైందని సెప్పే ఎనుమా" అంటాడు నాయన.

"సల్లగైతే ఎండలో పెట్టుకోమను" అంటుంది అమ్మ, అదే ఎనుముతో. నేను ఇంట్లో ఉంటే ఆ ఉద్యోగం నాది.

దీన్ని నేనూ నవ్వుకుంటూనే గడిపేదాన్ని, అమ్మ కన్ను సంగతి రాకపోయుంటే. ఎమ్మిగనూరులో కంటి శిబిరం పెడితే తీసుకుపోయాను. కుడి కంట్లో పొర బాగా ముదిరిపోయింది, ఎడమ కంట్లో కూడా వేగంగా కమ్ముకుంటోంది, ఈ నెలలోనే కర్నూలుకు పోయి ఆపరేషన్ చేయించకపోతే కుడి కన్ను దక్కదు అన్నాడు డాక్టరు. ఖర్చు కూడా లేదు, పోవడమే తరువాయి. ఇంటికొచ్చి చెబితే నాయన మొహం నల్లబడింది. లేచి ఎనుము దగ్గరికి పోయాడు.

"కర్నూలుకు పొమ్మని సెప్పు. కన్ను పోతాది" అన్నాడు దానితో.

"ఎనుముకు గదా సెప్పినాడు, ఎనుమునే పొమ్మను" అంది అమ్మ నాతో. "నాకైతే ఎవురూ సెప్పల్యా. నా మొగం సూసి, ఆ నోటితో రమ్మంటే పోతా. ల్యాకపోతే కన్ను పోనీ. ఎడమ కన్నుతో నాకన్నీ కనపడతాండాయి."

బతిమాలాను, తిట్టాను. వెళ్లి నాయనను తిట్టాను. చెప్పినాను గదా అన్నాడాయన, ఎనుము వైపు చూపిస్తూ. ఇద్దరినీ ఒకే గుంజకు కట్టేయాలనిపించింది. ఆమె కన్ను పోతుందన్న భయంతో నాకు రాత్రిళ్లు నిద్ర లేదు, వీళ్లకేమో పంతం. అప్పుడే ఆ సినిమా గుర్తొచ్చింది. తమను తాము తెర మీద చూసుకుంటే సిగ్గన్నా వస్తుందేమో అనుకున్నాను.

మా పాస్టరయ్య దగ్గర ప్రొజెక్టర్ ఉంది. ఏటా మిరప కోతలయ్యాక చర్చి గోడకు తెల్ల పంచె కట్టి యేసుప్రభువు సినిమా వేస్తాడు. ఈసారి ఇంకొకటి వేద్దామని అడిగాను.

"తెల్లోళ్లదేనా?" అన్నాడు.

"తెల్లోళ్లదే."

"అయితే మంచిదే" అన్నాడు. ఆయన విచారణ అంతటితో ముగిసింది. అప్పుడే అర్థం చేసుకోవాల్సింది నేను.

చీకటి పడగానే ఊరు ఊరంతా వచ్చింది. ఒక పక్క చాపల మీద ఆడవాళ్లు, ఇంకో పక్క మగవాళ్లు. నేను మైకు పట్టుకుని మాటలు తెలుగులో చెప్పడానికి తెర పక్కన నిలబడ్డాను. బొమ్మ పడింది. తెల్లవాళ్ల మొహాలు కనపడగానే ఆడవాళ్లంతా ఒక్కసారి కొంగులు తల మీదికి లాగి ముసుగేసుకున్నారు. మగవాళ్లు తలపాగాలు తీసి ఒళ్లో పెట్టుకున్నారు. మా ఊరివాళ్లు పంచె మీద తెల్లవాళ్లను చూసింది ఆ ఒక్క దేవుడి సినిమాలోనే. తెల్లవాడంటే ప్రవక్త అయినా కావాలి, శిష్యుడైనా కావాలి.

గొడుగు తెరిస్తే టోపీ ఎగిరి కూరగిన్నెలో పడింది. నేనైతే పగలబడి నవ్వే చోటది. చాపల మీద చీమ చిటుక్కుమనలేదు. తెల్లగడ్డం తాత పొడుగు అంగీతో, చేతిలో దీపం పట్టుకుని మెట్లు దిగాడు. "స్తోత్రం తండ్రీ" అంది ముందు చాప మీది సువార్తమ్మ. నాలుగు గొంతులు కలిశాయి. ఆ తాత దొంగతనంగా మిఠాయి తినడానికి దిగుతున్నాడు. నేనది చెప్పాను కూడా. నా మాట ఎవరికి కావాలి?

"ఈయన ఏ ప్రవక్తయ్యా?" అని ఆమె పక్కనున్న మేరి పాస్టరయ్యను అడిగింది.

తెలియదని చెబితే పాస్టరయ్య ఎందుకవుతాడు? "వెనకటి కాలంలో ఉండినాడులే" అన్నాడు. కుక్క సంగతి అడిగితే, దేవుడు జంతువులతో కూడా పని చేయించుకుంటాడన్నాడు.

ఒళ్లు మండి, ఇది నగే సినిమా, నగండి అని మైకులో అన్నాను. "మైకులో అట్ల అనకూడదు పాపా" అన్నాడు పాస్టరయ్య, మెల్లగా. ఆదోనివాళ్లు తెలివి ఎక్కువై నవ్వలేదు, మావాళ్లు భక్తి ఎక్కువై నవ్వలేదు. ఎవరు ఎక్కువ మొద్దులో తేల్చడం నా వల్ల కాలేదు.

అంతలో పులుసు ఘట్టం వచ్చింది. "ఉప్పెక్కువైందని ఆయమ్మకు సెప్పు అని ఆయప్ప కుక్కతో అంటాండాడు" అన్నాను, విసుగ్గా. కుక్క మెడ తిప్పింది. మగవాళ్ల వెనక వరుసలోంచి ఒక నవ్వు వచ్చింది. ఆపుకోబోయి ముక్కులోంచి, ఆపలేక నోటిలోంచి. ఆ నవ్వును రెండేళ్లుగా నేను వినలేదు. అది మా నాయనది.

ఊరంతా వెనక్కి తిరిగింది. ముసుగులో ఉన్న అమ్మ అందరికీ వినపడేలా నన్ను పిలిచింది. "నందినీ, దేవుని సినిమాలో నగకూడదని సెప్పు మీ నాయనకు."

అందరూ నావైపు చూశారు. కబురు చేరవేస్తానని నాయన కూడా ఎదురుచూస్తున్నాడు.

"నేను సెప్పను" అన్నాను మైకులోనే. "ఆ కుక్క తెర దిగొచ్చి సెప్తే సెప్పించుకోండి. నేను ఇంక ఎవురికీ ఏమీ సెప్పను." మైకు కింద పెట్టేశాను.

సినిమా తెలుగు లేకుండానే నడుస్తోంది. నాయన లేచాడు. మగవాళ్లను దాటుకుని, ఆడవాళ్ల చాపల అంచు దాకా వచ్చి అమ్మ ముందు నిలబడ్డాడు. ప్రొజెక్టర్ వెలుతురంతా ఆయన మొహం మీదే పడింది.

"అది దేవుని సినిమా కాదు. వాళ్లు మన మాదిరోళ్లే" అన్నాడు. "కర్నూలుకు పోదాం రా. కన్ను పోతాది."

అమ్మ ముసుగు వెనక్కి తీసింది. "ఎవురితో అంటాండాడు?" అంది.

ఇంకా పంతమేనా అని నాకు ఏవగింపు పుట్టింది. నాయన కూడా అట్లాగే అనుకున్నట్టున్నాడు. "నీతోనే. నీ మొగం సూసే అంటాండాను" అన్నాడు కాస్త గట్టిగా.

"నాతోనా?" అంది అమ్మ, మొహం పైకెత్తి. ఎత్తింది కానీ ఆయన వైపు కాదు. ఆయన భుజం పక్కన ఖాళీగా ఉన్న చోటికి.

నాయన వంగి, ఆమె మొహం ముందు తన చెయ్యి అటూ ఇటూ ఆడించాడు. అమ్మ రెప్ప వేయలేదు. మొహం చూసి చెప్పాలని పట్టుబట్టిన మనిషికి, ఆయన చూస్తున్నాడో లేదో తెలుసుకునే చూపే లేదు. ఎడమ కన్నుతో అన్నీ కనపడుతున్నాయన్న మాట మేమంతా నమ్మాం. రెండేళ్లు ఆ మొహం చూడనివాడికి ఎట్లా తెలుస్తుంది?

"ఎప్పటినుంచే?" అన్నాడు నాయన.

"కోతలైనప్పటి నుంచి. నీడల మాదిరి కనపడతాండాయి" అంది అమ్మ.

నాయన ఆమె చెయ్యి పట్టుకుని లేవదీశాడు. మా ఊళ్లో పెళ్లి ఫోటోలో తప్ప మొగుడు పెళ్లాం చెయ్యి పట్టుకోవడం ఎవరూ చూసి ఎరగరు. ముందు సువార్తమ్మ నవ్వింది. తర్వాత మేరి, తర్వాత ఊరంతా. అంత గొప్ప సినిమాకు రాళ్లలాగా కూర్చున్న జనం, ముసలోడు ముసలిదాని చెయ్యి పట్టుకుంటే విరగబడి నవ్వారు. పాస్టరయ్య కూడా నవ్వాడు. వాళ్ల మొహాల మీద ప్రొజెక్టర్ తిప్పి కొట్టాలన్నంత రోత కలిగింది నాకు.

నాయన వెనక్కి తిరిగి చూడలేదు. ఆమెను పట్టుకుని మెల్లగా చాపల మధ్యనుంచి నడిపిస్తున్నాడు.

"ఈడ గుంత ఉండాది. కాలు ఎత్తి పెట్టు" అన్నాడు.

అమ్మ కాలెత్తి పెట్టింది. "బస్సు ఎన్నింటికి?" అని అడిగింది, ఆయన్నే.

"పొద్దున్నే ఉండాది. నేను లేపుతా."

"నువ్వూ వస్తాండావా?"

"రాకుంటే నీకు దావ ఎవురు సూపిస్తారు?" అన్నాడు నాయన.