ఎవరిని అడగాలో తెలిసిన బటన్

ఐలీని అనే అమ్మాయి పరువు ఆ రోజు రేవులో, సముద్రం సాక్షిగా, చర్చి గాయక బృందం సాక్షిగా పోయింది.

సవాయీ దీవికి బండ్లను దాటించే బల్లకట్టు మీద ఇంకొక్క బండికే జాగా మిగిలింది. ఒడ్డున రేకుల గదిలో ఐలీని కొత్తగా రాసిన ప్రోగ్రాం మొదటిసారి నడుస్తోంది. తెర మీద బండ్లన్నీ వరుసలు వరుసలుగా కనబడుతున్నాయి. వరుసకో నంబరు, బండి పొడుగు, నడిపేవాడి పేరు, ఆ పక్కనే సమోవా మాటలో ‘ఎక్కించు’ అని ఒక బటన్. టికెట్లమ్మాయి చామదుంపల లారీకి బటన్ నొక్కింది. పచ్చగా వెలిగింది. గాయకుల బస్సుకు నొక్కింది. అదీ పచ్చగానే వెలిగింది. రెండూ ఒకే జాగా కోసం బయల్దేరాయి. లారీ ముందు ఎక్కేసింది. బస్సు సగం ఎక్కి, ఇక దారి లేక వెనక్కి దిగింది. లోపలున్న ఆడవాళ్ళు తెల్లబట్టల్లో, తెల్లటోపీల్లో కూర్చుని, బస్సు వెనక్కి దిగుతున్నంతసేపూ పాట ఆపలేదు. వాళ్ళు పాపం దేవుణ్ణే పొగుడుతున్నారు. ఐలీనికి మాత్రం ప్రతి చరణం తనమీద కట్టినట్టే వినబడింది.

లఫాయెలే చెమట తుడుచుకుంటూ గదిలోకి వచ్చాడు. బల్లకట్టు మీద ఏ బండి ఎక్కడ నిలవాలో చెప్పేది అతనే. నడుముకు చుట్టుకున్న లావాలావా గుడ్డను మోకాళ్ళ పైకి ఎగగట్టి, మెడలో ఈల వేసుకుని తిరుగుతాడు. అతని ఈల మోగకుండా రేవులో చక్రం కదలదు.

“నీ మిషను మహా మంచిదే పిల్లా,” అన్నాడు. “ఎవరేమడిగినా కాదనదు. పెళ్ళిలో వడ్డించే మేనత్త లాగుంది.”

టికెట్లమ్మాయి కిసుక్కున నవ్వింది. బల్లకట్టు యజమానురాలు పెనీనా మాత్రం నవ్వలేదు. ఫ్యాను ముందు కూర్చుని విసనకర్రతో కూడా విసురుకుంటోంది. ఆవిడకు ఉక్కపోతంటే అంత భయం.

“శుక్రవారం ఇంకోసారి చూస్తా,” అంది. “లఫాయెలే సరేనంటే నీది పెట్టుకుంటా. లేదంటే ఆక్లండ్ వాళ్ళది తెప్పించేస్తా. వాళ్ళదైతే ఇన్ని తంటాలుండవు.”

ఐలీని తలూపింది గానీ, ఆ మాట ముల్లులా దిగింది. ఫిజీ వెళ్ళి సువాలో చదువుకుని, అక్కడే ఉండిపొమ్మన్నా ఉండకుండా అపియాకు తిరిగొచ్చి, బట్టల కొట్టు మీది గదిలో బల్ల వేసుకుని కూర్చున్న మనిషి ఆమె. మన రేవులో మన మాట మాట్లాడే ప్రోగ్రాం, మన మనిషి రాసింది నడవాలని ఆమె కోరిక. కోరిక అనండి, పొగరు అనండి. ఆ మాత్రం పొగరు లేకపోతే ఈ దీవుల్లో ఎవరూ ఏదీ నిలబెట్టలేరు.

తప్పెక్కడుందో ఆమెకు ఇంటికి వెళ్ళే బస్సులోనే తెలిసిపోయింది. ప్రతి బటన్‌కూ తన వరుసే లోకం. ఆ వరుసకు దాని బండి తెలుసు, బండి పొడుగు తెలుసు, అంతే. పక్క వరుసలో ఎవరున్నారో, బల్లకట్టు మీద ఎంత జాగా మిగిలిందో దానికేం తెలుసు? అలాంటిదాన్ని పట్టుకుని ‘ఎక్కించనా?’ అని అడిగితే ‘ఎక్కించు’ అనక ఏమంటుంది! తేల్చే అధికారం వరుసల చేతిలో పెట్టడమే తాను చేసిన తెలివితక్కువ పని. బల్లకట్టు మొత్తం లెక్క తెలిసినది పైన ఒకటుంది, తెర మొత్తానికీ పెద్ద. నిర్ణయం దాని దగ్గరుండాలి. బటన్ దాన్ని అడగాలి.

మర్నాడు కూర్చుని అధికారమంతా పైదానికి మార్చేసింది. ఆ పని చక్కగానే కుదిరింది. తీరా బటన్ నొక్కితే ఉలుకూ లేదు, పలుకూ లేదు.

తెర మీద బండ్ల వరుసలు రాసిన వాళ్ళెవరైనా ఈ బాధ పడే ఉంటారు. బటన్ నిగనిగలాడుతూ ఉంటుంది, నొక్కితే లోపలికి వెళ్ళి పైకి లేస్తుంది, పని మాత్రం జరగదు. తప్పు జరిగిందని అరవదు, ఆగిపోదు. తాను అడగాల్సిన వాళ్ళు దొరకలేదని ఎక్కడో వెనకాల, రాసేవాళ్ళు తప్ప ఎవరూ చూడని మూలలో, ఒక్క ముక్క గొణిగి ఊరుకుంటుంది. ఐలీని ఆ మూల కూడా చూసింది. ‘ఈ వరుసలో అలాంటి ఆజ్ఞ ఏదీ లేదు’ అని ఉందక్కడ.

“వరుసలో వెతకమని నీకెవరు చెప్పారే?” అని తెరను తిట్టింది. “పైకి పొమ్మన్నానుగా!”

నిజంగానే పొమ్మంది. నీ పైనున్న వాళ్ళను ఒక్కొక్కరినీ దాటుకుంటూ వెళ్ళు, ఫలానా రకం పెద్ద కనబడగానే ఆగి, ఆయన్ని అడుగు అని రాసింది. రాసింది రాసినట్టే ఉంది. అక్షరం పొల్లు పోలేదు. అయినా ఆ బటన్ వరుస గడప దాటడం లేదు. గురువారమంతా దానితో కుస్తీ పట్టింది. రాత్రి అన్నం ముందు కూర్చున్నా అదే ధ్యాస. వాళ్ళమ్మ కొబ్బరిపాలలో ఉడికిన చామాకులు రెండోసారి వడ్డిస్తే, పెట్టిందని కూడా చూసుకోలేదు.

అప్పుడే నాన్నను అడిగింది, పొద్దున రేవుకు పికప్ తీసుకెళ్ళనా అని. పెద్ద తెర ఒకటి మోసుకెళ్ళాలి, బస్సులో కుదరదు.

“దానికేముంది, తీసుకుపో,” అన్నాడు నాన్న. ఆయనా మతాయే, అంటే బిరుదున్న కుటుంబ పెద్దే. చిన్న బిరుదే అయినా ఆ ఇంటికి పెద్ద. ఆ మాట చాలనుకుంది ఐలీని.

తెల్లవారి చూస్తే పికప్ లేదు. చెట్టు కింద నూనె మరక మాత్రం ఉంది. పక్కనే గోడల్లేని పెద్ద ఇంట్లో, చాప మీద కూర్చుని కోకో తాగుతున్నాడు మౌగాతాయి. అది ఆయన బిరుదు. అసలు పేరు పలికే వాళ్ళెవరూ ఇప్పుడు బతికి లేరు. ఐలీనికి తాత వరస. ఆ పెద్ద కుటుంబంలో ఇంటికో మతాయ్ ఉన్నా, అందరి తరఫునా చెల్లే మాట ఆయనది.

“పికప్ చావింటికి పంపించాను. చాపలు మోయాలి,” అన్నాడు.

ఐలీని గట్టు మీద కూర్చుంది. ఆయన ముందు నిలబడి మాట్లాడకూడదు కదా, ఎంత తొందరున్నా.

“నాన్న తీసుకెళ్ళమన్నాడు తాతా.”

“వాడు తీసుకెళ్ళమంటాడు. వాడికేం తెలుసు, ఎక్కడ చావుందో, ఎక్కడ పెళ్ళుందో? వాణ్ణి ఎందుకడిగావు?”

“దగ్గర్లో ఉన్నాడని.”

“దగ్గర్లో ఉన్న మతాయ్‌ని అడిగి ఊరుకుంటే బండి వస్తుందా?” అని ఆయన కోకో గిన్నె పక్కన పెట్టాడు. “ఆ తెరల ముందు కూర్చుని కూర్చుని నీకు ఇల్లు కూడా గుర్తులేకుండా పోతోంది. ఇంత చదివించి ఏం లాభం?”

ఆ చివరి మాటకు ఐలీని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పెద్ద తెర ఇంట్లోనే వదిలేసి, చిన్న కంప్యూటర్ సంచీలో వేసుకుని బస్సెక్కింది. బస్సులో జాగా లేదు, ఎవరో లావుపాటి పెద్దావిడ ‘రా తల్లీ’ అని ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. కిటికీలోంచి ఊళ్ళు పోతున్నాయి. తాత మాట మనసులో నలుగుతోంది. దగ్గర్లో ఉన్న మతాయ్‌ని అడిగి ఊరుకుంటే...

ఉన్నట్టుండి ఐలీని ఫక్కున నవ్వింది. ఒళ్ళో కూర్చోబెట్టుకున్నావిడ ఉలిక్కిపడింది.

బటన్ తప్పేమీ చేయలేదు! తాను చెప్పినట్టే పైకి బయల్దేరింది, తాను చెప్పిన రకం పెద్ద ఎదురుకాగానే ఆగింది. ఆ రకం పెద్ద ఆ వరుసలోనే ఉంది. చూడ్డానికి ముచ్చటగా ఉంటుందని, తెర మొత్తాన్నీ ఎలాంటి ముక్కతో కట్టిందో, ప్రతి వరుసనూ అలాంటి ముక్కతోనే కట్టింది తాను. బటన్ ఇంటి గుమ్మంలోనే చిన్న మతాయ్‌ని చూసి, ఈయనే కాబోలు అనుకుని, ఆయన్నే అడుగుతోంది. ఆయన దగ్గర ఆ అధికారం లేదు. పాపం ఆయన మాత్రం ఏం చేస్తాడు!

“ఏమైందమ్మా? ఒంట్లో బాగాలేదా?”

“బాగుందత్తా. చాలా బాగుంది.”

ఆ పెద్దావిడ ఒళ్ళోనే కంప్యూటర్ తెరిచి ఒక్క మాట మార్చింది. దారిలో కనబడే పెద్దల దగ్గర ఆగకుండా, అన్నింటికీ బయట ఒకే ఒక్కటిగా ఉండే, లెక్కంతా తెలిసిన విండో దాకా వెళ్ళి అడగమంది. వెళ్ళేటప్పుడు తాను ఏ బండి తరఫున వచ్చిందో కూడా చెప్పమంది. ఒక వరుసలో బటన్ నొక్కింది. బండి బల్లకట్టు ఎక్కింది, మిగిలిన జాగా తగ్గింది, ఆ జాగాలో పట్టని బండ్ల బటన్లన్నీ ఒక్కసారిగా బూడిద రంగుకు మారాయి. ఐలీని గర్వంగా ఆవిడకేసి చూసింది. ఆవిడకేమీ అర్థం కాలేదు, అయినా భుజం తట్టింది.

శుక్రవారం రేవు కిటకిటలాడుతోంది. లఫాయెలే గది గుమ్మంలో నిలబడి, ఒక కన్ను తెర మీద, ఒక కన్ను బల్లకట్టు మీద పెట్టాడు. టికెట్లమ్మాయి బటన్లు నొక్కుతోంది. ఒక్కో బండీ వెళ్ళి కుదురుగా నిలబడుతోంది. తెర కాదన్న ప్రతిసారీ లఫాయెలే కూడా కాదనే తలూపుతున్నాడు. చూస్తూ చూస్తూ అతను ఈల నోట్లోంచి తీసేశాడు. ఐలీనికి అది చాలు. కడుపు నిండిపోయింది.

అప్పుడు పెనీనా వచ్చింది, కొత్త పొడుగాటి పికప్‌లో. వెనక సీట్లో అంతస్తులు అంతస్తులుగా పెళ్ళి కేకు. మేనకోడలి పెళ్ళి సవాయీలో, సాయంత్రానికల్లా చేరాలి.

“నాది కూడా ఎక్కించెయ్యి,” అంది లోపలికి వస్తూనే.

టికెట్లమ్మాయి చెయ్యి వెనక్కి తీసుకుంది. పెనీనా వరుసలో బటన్ బూడిద రంగులో ఉంది. ఆవిడ తానే వేలు పెట్టి నొక్కింది. మళ్ళీ నొక్కింది.

“ఇదీ పాడైందా?”

“పాడవలేదు పెనీనాగారూ,” అంది ఐలీని. “జాగా లేదు.”

“ఎప్పుడూ ఎలాగో సర్దేవాళ్ళం కదా. ఏం లఫాయెలే?”

లఫాయెలే బల్లకట్టు మీదికి నడిచి, చివర నిలబడి చూసి వచ్చాడు. “సర్దితే తలుపు పూర్తిగా లేవదమ్మా. పట్టదు.”

పెనీనా అతన్ని వదిలి ఐలీనివైపు తిరిగింది. “చూడమ్మాయ్. బల్లకట్టు నాది, కంప్యూటర్ నాది, డబ్బిచ్చేది నేను. అక్కడ కేకు కరిగిపోతోంది. నా పేరున్న వరుస ఒక్కదానికీ ఎవరినీ అడక్కుండా వెళ్ళేట్టు రాసెయ్. నీకదెంత పని?”

నిజమే, అదెంత పని? ఒక్క నిమిషం పని. ఐలీని చెయ్యి కీబోర్డు దాకా వెళ్ళింది కూడా. తెర మీద ఆ బూడిద రంగు బటన్ యజమానురాలనీ చూడకుండా, కేకునీ చూడకుండా, అడగాల్సిన చోట అడిగి, వచ్చిన జవాబు చెబుతోంది. దాన్ని చూస్తే ఆమెకు తన మీద తనకే గౌరవం కలిగింది. చెయ్యి వెనక్కి తీసుకుంది.

“రాయను. మీ వరుసకి మీ బండే కనబడుతుంది పెనీనాగారూ, బల్లకట్టు కనబడదు. ఒక్కదానికి అలా రాస్తే మొన్నటి బస్సు కథే మళ్ళీ. తర్వాతి ట్రిప్పులో మొదటి జాగా మీదే.”

“ఆక్లండ్ వాళ్ళయితే రాసిస్తారు.”

“రాసిస్తారేమో. వాళ్ళు ఈ బల్లకట్టు ఎక్కరుగా. మా అమ్మ ఎక్కుతుంది.”

లఫాయెలే ఈల నోట పెట్టుకుని, యజమానురాలి వైపు చూడకుండా, గట్టిగా ఊదాడు. బల్లకట్టు తలుపు లేచింది. కేకూ, పికప్పూ, పెనీనా ఒడ్డునే ఉండిపోయారు.

ఆవిడ మొహం జేవురించింది. “నీతో మాట్లాడేదేముంది! మీ పెద్దతోనే మాట్లాడతా,” అని ఫోన్ తీసింది. ఐలీని ఆ ఫోన్ వంకే చూసింది. పని పోతే పోనీ గానీ, ఇంత చదివించి ఏం లాభం అన్న మనిషి చెవిన ఈ మాట పడాలా?

ఎంత కోపంలో ఉన్నా మౌగాతాయితో మాట్లాడేటప్పుడు పెనీనా గొంతు తగ్గించి, గౌరవంగా మాట్లాడింది. వినబడాలని ఫోన్ బల్లమీద పెట్టింది.

“అయ్యా, మీ అమ్మాయి నా బల్లకట్టు మీద నన్నే ఎక్కనివ్వలేదు. నా పడవకి నేనే పరాయిదాన్నయ్యాను. జాగా లేదట!”

అవతల కోళ్ళ అరుపులు వినబడ్డాయి.

“లఫాయెలే ఏమన్నాడు?” అని అడిగాడు ముసలాయన.

“వాడూ పట్టదనే అన్నాడు.”

“బల్లకట్టు వెళ్ళిందా?”

పెనీనా కిటికీలోంచి చూసింది. నిండుగా బండ్లతో, తలుపు బిగించుకుని, అది ఏ పక్కకీ ఒరగకుండా నీటిని కోసుకుంటూ పోతోంది. ఎంత కోపమున్నా ఆ పడవ ఆవిడదే కదా. చూస్తూ చూస్తూ గొంతు మెత్తబడింది.

“వెళ్ళిందండీ. చక్కగానే వెళ్ళింది.”

“అయితే ఆ పిల్ల మా పిల్లే,” అన్నాడు మౌగాతాయి. “వేరే ఇంటిదై ఉంటే నిన్ను ఎక్కించేసేది.”

పెనీనా ఫోన్ పెట్టేసి, కాసేపు విసనకర్రతో విసురుకుంది. తర్వాత టికెట్లమ్మాయిని పిలిచి కత్తి తెమ్మంది.

“పై అంతస్తు ఎలాగూ కరిగిపోతోంది,” అంది. “కొయ్యి. మొదటి ముక్క ఈ పిల్లకివ్వు.”