తల లేని చిలుక

కొత్త గుడ్డ పరిచిన ప్రతిసారీ మా నాయన మునస్వామి దాని అంచులో, కుట్టేటప్పుడు మడత లోపలికి పోయే చోట, ఒక తల లేని చిలుకను గీస్తాడు. లావుగా పొట్ట, సన్నగా తోక, అంతే. పాలూ కరక్కాయా పట్టిన గుడ్డ మీద కలం ఎలా పారుతుందో చూసుకోవడానికి అది చాలు. మా ఇంట్లో తాతల నాటి నుంచీ అదే వరస. కాళహస్తిలో కలంకారీ వాళ్లంతా మమ్మల్ని తల లేని చిలకలోళ్లు అని ఏడిపిస్తారు. నాకు సిగ్గేసి, ఆరేళ్లుగా పాత పేపరు మీదే కలం పరీక్షించుకుంటున్నాను.

నిన్న పొద్దున సముద్రం అవతలి మలక్కా రేవు నుంచి వీడియో కాల్ వచ్చింది. అక్కడి మ్యూజియంలో పనిచేసే కోమలి అనే తమిళమ్మాయి మూడొందల ఏళ్ల నాటి కలంకారీ తెర చూపించింది. ఆ రేవులో ఒకప్పుడు స్థిరపడిన అద్దకం పనివాళ్ల వీధిలో దొరికిందట. వాళ్లు ఏ ఊరి నుంచి ఓడెక్కి వచ్చారో ఎవరికీ తెలియదు. సాయంత్రంలోగా తేలకపోతే తెర పక్కన పెట్టే పలక మీద ‘ఊరు తెలియదు’ అని రాసేస్తారట.

ఆ గుడ్డ మీది నెమలి మా ఇంటి గీతలాగే ఉండటం చూసి నాయన ఫోను దగ్గరికి లాక్కున్నాడు.

"అంచు మడత ఇప్పి సూడమని సెప్పు," అన్నాడు.

"పాత కుట్టు నాయనా, తెగిపోతాది. ఏమీ లేకుంటే పరువు పోతాది."

"నువ్వడగతావా, నేనడగాల్నా?"

అడిగాను. కోమలి పైవాళ్లను ఒప్పించి మళ్లీ కాల్ చేసేసరికి మూడైంది. కుట్లు ఒక్కొక్కటే విప్పుతున్నారు. మొదటి మూల ఖాళీ. రెండోదీ ఖాళీ. నేను మొక్కని దేవుడు లేడు.

మూడో మూలలో లావుపాటి పొట్ట, సన్నటి తోక. తల లేదు.

నాయన ఎప్పుడో వేసిన పాత తెర నేనే తెచ్చి, అంచు మడత విప్పి ఫోనుకు చూపించాను. అచ్చు అదే. పలక మీద కాళహస్తి అని రాయిస్తానంది కోమలి, నవ్వుతూ ఏడుస్తూ. నా సంతోషానికి పట్టపగ్గాల్లేవు. వీధిలోకి పరుగెత్తి, మమ్మల్ని అందరికంటే ఎక్కువ ఏడిపించే చెంగమ్మత్తను చెయ్యి పట్టి లాక్కొచ్చాను. ఆమె కళ్లద్దాలు సర్దుకుని చాలాసేపు చూసింది.

"మీ చిలకే," అని ఒప్పుకుంది.

నాయన మాత్రం నేను మొదలుపెట్టిన గుడ్డ అంచు తిప్పి చూస్తున్నాడు. అక్కడేమీ లేదు.

"మూన్నూరేండ్లకు నిన్నెట్ల గుర్తు పట్టేది భానూ?" అన్నాడు మెల్లగా.

పేపరు పక్కన పడేసి, కలం రంగులో ముంచాను. పొట్ట వచ్చింది, తోక వచ్చింది. మెడ దగ్గర చెయ్యి ఆపేశాను.