తొమ్మిదో మనిషి

జనవరి నెల, సోమవారం సాయంత్రం ఏడింటికి, మంచులో తడిసిన బూట్లతో అరవై మంది వెస్ట్ హాల్డేన్ బడిలోని ఆటల హాలుకు చేరారు. పార్టీ తరఫున దేశాధ్యక్ష పదవికి ఎవరు పోటీ చేయాలో అమెరికాలోని అయోవా రాష్ట్రంలో ఇలాగే తేలుస్తారు. చీటీలుండవు, పెట్టెలుండవు. ఎవరు నచ్చితే వాళ్ల మూలకు వెళ్లి అందరి కళ్లముందూ నిలబడాలి. నూటికి పదిహేను మందైనా లేని మూల లెక్కలోకి రాదు. మర్నాడు పోస్టాఫీసులో ఎదురుపడాల్సిన వాళ్ల మొహాలు చూస్తూ ఈ పని చేయడానికి కాస్త గుండె ధైర్యం కావాలి.

ఆర్లిస్‌కి ఆ ధైర్యం మోతాదుకు మించే ఉంది. డెబ్బై ఒక్కేళ్ల ఆవిడ ఆ బడిలోనే ముప్పై ఏళ్లు పిల్లలకు వండిపెట్టింది. పోటీలో ఉన్న సెనేటర్ టోబిన్ మూలకు ఆవిడే పెద్ద. కిందటి ఏప్రిల్‌లో ఆయన ఊరి లైబ్రరీకి వస్తే వినడానికి ఐదుగురు వచ్చారు. సభ అయ్యాక ఆయన ఆర్లిస్ వంటింట్లో పళ్లేలు తుడుస్తూ, బడి భోజనం గురించి గంటసేపు అడిగి రాసుకున్నాడు. ఆవిడ జీవితంలో అంతసేపు ఆ సంగతి అడిగినవాళ్లు లేరు. శనివారం ఆయనే ఫోన్ చేసి, "ఆర్లిస్, మీ ఊళ్లో నన్ను నిలబెడతారా?" అంటే, "నిలబెడతాను" అని మాటిచ్చింది.

చిక్కల్లా గవర్నర్ వాసెక్‌తో వచ్చింది. పండగల ముందు వరకు పోటీలో నలుగురిలో ఒకరుగా ఉన్న ఆవిడ నెల తిరిగేసరికి అందరికంటే ముందుకొచ్చేసింది. ఏ టీవీ పెట్టినా ఆవిడే. అంతకంటే పెద్ద చిక్కు, ఆర్లిస్ మొగుడు మెర్లిన్ కూడా ఆవిడ వైపే.

నలభై ఆరేళ్ల కాపురంలో మెర్లిన్ దేనిమీదా ఒక అభిప్రాయం చెప్పిన పాపాన పోలేదు. కర్టెన్ల రంగైనా, కొత్త పాస్టరు ప్రసంగమైనా "నీ ఇష్టం" అనేవాడు. ఆ మనిషి నవంబర్లో వాసెక్ మాటలు వినొచ్చి, నోరెత్తకుండా పెరట్లోంచి సుత్తి తెచ్చి, ఇంటి ముందు ఆర్లిస్ పెట్టిన టోబిన్ బోర్డు పక్కనే ఆవిడ బోర్డు పాతాడు. ఆర్లిస్ రెండు రోజులు మాట్లాడలేదు. "కాఫీ మీ గవర్నరమ్మనే పెట్టమను" అంది మూడోరోజు. ఆ మధ్యాహ్నమే గాలికి ఒరిగిన ఆ బోర్డును తనే వెళ్లి నిలబెట్టి వచ్చింది.

హాల్లో అందరూ మూలలకు చేరాక లెక్కల మాస్టారు డర్క్స్ తలలు లెక్కపెట్టాడు. వాసెక్‌కి ముప్పై నాలుగు, ఇంకొకాయనకి పద్దెనిమిది, టోబిన్‌కి ఎనిమిది.

"ఆర్లిస్ గారూ, మీకు తొమ్మిది కావాలండీ. ఒక్కరు తగ్గారు. అరగంట టైముంది, ఎవరు ఎటైనా మారొచ్చు."

ఆర్లిస్ తను చేసుకొచ్చిన వేరుశనగ మిఠాయి బార్ల పళ్లెం పట్టుకుని మూలమూలా తిరిగింది. అందరూ తీసుకున్నారు, రెండోది కూడా తీసుకున్నారు.

"బార్లకేం వంక లేదు ఆర్లిస్," అంది పక్కింటి లవాన్, నోటినిండా పెట్టుకుని. "మీ టోబినే ఇంకో నెలకి ఉండడు గదా పోటీలో. గెలిచేవాళ్లతో ఉందామని."

"తిన్నది తిరిగిచ్చెయ్యి అయితే," అంది ఆర్లిస్.

నవ్వారు గానీ ఒక్కరూ కదల్లేదు. ఐదు నిమిషాలుందనగా, వాసెక్ మూలలోంచి మెర్లిన్ టోపీ చేతబట్టుకుని హాలు మధ్యలోంచి నడిచి వచ్చాడు. ఎవరో చప్పట్లు మొదలెట్టారు. టోబిన్ మూలలో ఎనిమిదో మనిషిగా లెక్కకొచ్చినతను ఆనందం పట్టలేక అతని వీపు తట్టాడు.

ఆర్లిస్ గొంతు తగ్గించి అడిగింది. "ఎందుకొచ్చావ్?"

"తొమ్మిదో మనిషి కావాలన్నారుగా."

"టోబిన్ మంచోడనిపించిందా?"

మెర్లిన్ అబద్ధం చెప్పలేడు. "మంచోడే. కానీ ఆ పని ఆవిడే చేయగలదని నా నమ్మకం."

"మరి?"

"నువ్వు పళ్లెం పట్టుకుని అలా తిరుగుతుంటే చూళ్లేకపోయాను."

ఆర్లిస్‌కి ఏడుపొచ్చింది. ఇచ్చిన మాట నిలబడటానికి కావలసిన మనిషి ఎదురుగా ఉన్నాడు. వద్దనడానికి నోరు రావడం లేదు. కానీ ఈ మనిషి పుట్టి బుద్ధెరిగాక సొంతంగా ఎంచుకున్నది ఆ ఒక్క బోర్డే. అది కూడా తనకోసం పీకేయడానికి వచ్చాడు.

"పో," అంది. "నీ చోటుకి నువ్వు పో మెర్లిన్."

"ఆర్లిస్..."

"నాకు జాలి ఓటొద్దు. పో."

అతను టోపీ పట్టుకుని వచ్చిన దారినే వెళ్లాడు. ఎనిమిదో మనిషి ఆర్లిస్ వంక, బంగారం పారేసుకున్న మనిషిని చూసినట్టు చూశాడు. టైమైపోయింది. డర్క్స్ మాస్టారు మొహమాటంగా టోబిన్ పేరు కొట్టేసి, ఆయన మనుషులు ఇంకో మూలకి మారొచ్చన్నాడు. వాళ్లలో ఇద్దరు కోట్లు వేసుకుని ఇంటికి పోయారు, మిగతావాళ్లు అటో ఇటో సర్దుకున్నారు. ఖాళీ మూలలో ఆర్లిస్ ఒక్కతే మిగిలింది. సెనేటరుకి ఫోన్లో ఏం చెప్పాలో వెతుక్కుంటూ కాసేపు నిలబడి, హాలు దాటి వెళ్లి మెర్లిన్ పక్కన నిలుచుంది.

వాసెక్ వాళ్లు మర్యాదగా చోటిచ్చారు. మెర్లిన్ అడిగాడు.

"ఆవిడ నచ్చిందా?"

"లేదు."

"మరి నన్ను వెనక్కి పంపావ్, నువ్వెందుకొచ్చావ్?"

"నిన్ను పంపినప్పుడు నీకిక్కడ నీ గవర్నరమ్మ ఉంది," అంది ఆర్లిస్. "నాకిప్పుడు నువ్వు తప్ప ఎవరున్నారు?"

మెర్లిన్ ఆవిడ చేతిలోంచి ఖాళీ పళ్లెం తీసుకుని, తన చంకలో పెట్టుకున్నాడు.