అరుంధతి కనిపించిందా?

ఆ ఉదయం బంధువుల పెళ్ళిలో పంతులు కల్యాణమండపం కప్పుకేసి వేలు చూపించి, అరుంధతి కనిపించిందా అని అడిగితే, పదిగంటల వేళ వధూవరులిద్దరూ కనిపించిందన్నారు. వెనకవరసలో మంగళ, మురళీధర్ నవ్వుకున్నారు. పాతికేళ్ళ కిందట వాళ్ళూ అట్లాగే చెప్పినవాళ్ళు.

సాయంత్రం ముత్తియాల్‌పేటలో కరెంటు పోయింది. ఇదే సందని కూతురు శృతి ఇద్దర్నీ మేడమీదికి లాక్కెళ్ళింది, అసలు అరుంధతిని చూపిస్తానని. ఉత్తరాన గరిటెలాగా ఏడు చుక్కలు. గరిటె కాడకు నడిమిది వశిష్ఠుడు, దాన్ని అంటుకున్నట్టుండే చిన్న చుక్క అరుంధతి. ఇంగ్లీషువాళ్ళు ఆ జంటను గుర్రమూ రౌతూ అంటారట. చిన్నదానికి అరబ్బుల పేరు సుహా. అది కనిపిస్తేనే కళ్ళు బాగున్నట్టు వాళ్ళకు లెక్కట.

"మీ అమ్మే రౌతు, దాంట్లో అనుమానం ఏముండాది," అన్నాడు మురళీధర్. "కనిపిస్తా ఉందిలే, బాగా."

మంగళ అతని వైపు తిరిగింది. అతను చూస్తున్నది తూర్పున సెల్‌టవరు మీది దీపాన్ని.

అరుంధతి కనిపించనివాళ్ళకు ఆరు నెలలే ఆయుష్షని అత్తగారు అంటుండేది. అన్నం వడ్డిస్తుంటే ఒక్కొక్కటే గుర్తొచ్చింది. మొన్న అతను మజ్జిగ గ్లాసులో కాక పక్కన పోసుకున్నాడు. పోయిన నెల వ్యాను గోడకు కొట్టి, కుక్క అడ్డమొచ్చిందన్నాడు.

పొద్దున్నే కిరుమాంబాక్కం అంగళ్ళకు సరుకు వెయ్యడానికి బయలుదేరి, వ్యాను తాళంచెవి కోసం వెతుక్కున్నాడు.

"సావి యాడ పెట్టినావు?"

"నిన్న చుక్క యాడుండాదో చెప్పండి, ఇస్తా."

నవ్వబోయి మానుకున్నాడు. మెట్టుమీద కూర్చుని, దీపావళి నుంచీ ఎదురొచ్చే బస్సు మీదికొచ్చేదాకా మసకేనని తలొంచుకుని చెప్పాడు. ఇంట్లో తెలిస్తే బండి అమ్మించేస్తారని భయమట.

"మీయమ్మ ఆర్నెల్లు అనింది," అంది మంగళ. "కడలూరు రోడ్డులో ఈ కళ్ళతో బండి తోలితే మీకు అన్ని దినాలు పట్టవు."

ఆ మాట అనేశాక ఆమెకే ఏడుపొచ్చింది.

ఆటోలో కంటి ఆస్పత్రికి వెళ్ళారు. డాక్టరమ్మ అతన్ని కుర్చీలో కూర్చోబెట్టి, ఎదురు గోడమీద అక్షరాల పెట్టె చూపించి, అన్నిటికన్నా కింది వరస కనిపిస్తోందా అని అడిగింది.

"కనిపిస్తా ఉంది," అన్నాడు మురళీధర్ వెంటనే.

పెట్టెలో దీపం ఆమె ఇంకా వెయ్యనేలేదు.

మంగళ కొంగుచివర తాళంచెవికి ఇంకో ముడి వేసుకుంది.