కొంగ పద్యం

కోస్ ద్వీపపు రేవులో తెల్లవారుతూనే ఒక కొంగ సముద్రం మీదినుంచి మూడుసార్లు అరుచుకుంటూ ఒడ్డుకు వచ్చి వాలింది. కవి నికాగోరస్ గుండె గుభేలుమంది.

అరిచింది కొంగే, పులి కాదు. కానీ ఆ అరుపు వినగానే పడవ యజమాని సోసిలస్ ముఖం చేటంత అయింది.

"విన్నారా కవిగారూ! అచ్చం మీ పద్యమే! కొంగ మూడుమార్లు అరిచి ఒడ్డు చేరితే మధ్యాహ్నానికి కడలి నిద్రపోతుంది! ఒరేయ్, తాళ్ళు విప్పండ్రా!"

పడమట ఆకాశం కమిలిపోయి ఉంది. చుక్కల మీదా వాన గుర్తుల మీదా నికాగోరస్ పెద్ద కావ్యమే రాశాడు, నిజమే. ఇవాళ ఈ ప్రయాణం కట్టేదాకా పడవ ఎక్కిందెన్నడు గనక? ఎవరో పండితుడు వచనంలో రాసిపెట్టిన పుస్తకం ముందేసుకుని, గదిలో కూర్చుని పద్యాలల్లాడు మహానుభావుడు. ఆ కొంగ మాత్రం ఆ పుస్తకంలోనూ లేదు. తెల్లారితే పోటీ, ఒక పద్యం తక్కువైంది, తనే పుట్టించాడు. బహుమతి కూడా వచ్చింది. అది ప్రతి పడవవాడి నోటికీ ఎక్కుతుందని కలగన్నాడా?

"కాసేపు ఆగుదామేమో..." అన్నాడు నికాగోరస్.

"భలేవారే! రాసిన మీకే నమ్మకం లేకపోతే ఎలాగండీ?" అన్నాడు సోసిలస్. తెడ్లవాళ్ళు పన్నెండుమందీ గొల్లున నవ్వారు.

సోసిలస్ భార్య మెలిత చంకలో పిల్లతో రొట్టెల మూట తెచ్చింది. "వసంతంలో మా మరిది మునిగిపోయాక నాకు సముద్రమంటే వణుకు, అన్నా. మీరూ ఎక్కుతున్నారుగా, ఇక భయం లేదు."

కడుపునొప్పి అంటే చాలు. ప్రాణం దక్కుతుంది, పరువూ దక్కుతుంది. నికాగోరస్ ఆ మాట అనబోయాడు కూడా, సిగ్గులేకుండా. ఈలోగా చివరి తాడు ముడి విప్పారు.

"ఆగండి!" అని కేక పెట్టాడు. "అబద్ధం! ఆ కొంగ పద్యం నేను కల్పించి రాశాను. మీకు దణ్ణం పెడతాను, వెళ్ళకండి!"

నవ్వులు ఆగిపోయాయి. సోసిలస్ పడవ దిగి దగ్గరికి వచ్చాడు. కొడతాడనుకుని నికాగోరస్ కళ్ళు మూసుకున్నాడు. కొట్టలేదు. పడమటి గాలి అప్పుడే లేచి, రేవులో పడవలు ఒకదాన్నొకటి గుద్దుకుంటున్నాయి.

"మా తమ్ముడికి ఆ పద్యం నేనే నేర్పాను" అన్నాడు సోసిలస్. "వసంతంలో వాడూ కొంగను చూసే తాడు విప్పాడు. అరుపులు లెక్క తప్పాడని ఇన్నాళ్ళూ వాణ్ణే తిట్టుకున్నాను."