కాపలావాళ్ళ ముఠా

పొద్దున్నే కిటికీ దగ్గర బల్ల తుడుచుకుని, కంటికి భూతద్దం తగిలించుకుని, ఆగిపోయిన గడియారాలు విప్పి బాగుచెయ్యడం అతని వృత్తి. పనికీ పనికీ మధ్య ఫోను తీసి ముఠాల ఆట ఆడేవాడు. ఎక్కడెక్కడివాళ్ళో కలిసి ఆడే ఆట అది. ఒక్కొక్కరికి ఒక పేట, పేటలో సారా కొట్లు, జూదం గదులు, వాటిని దోచుకోవడానికి కాచుకున్న పక్క ముఠాలు. అందులో అతను దాదా. అయితే రెండేళ్ళలో ఒక్కరి మీదా చెయ్యి చేసుకోని దాదా. మనుషుల్ని పెట్టుకున్నా కాపలాకే పెట్టుకున్నాడు. శత్రువులు వస్తున్నారని తెలిస్తే శాంతి కవచం వేసేవాడు. ఇక పన్నెండు గంటలు ఎవరూ తాకలేరు.

కవచం ఆటలో పేటకు వేస్తే ఇంటికీ పడేది. సబ్బు బుడగంత పల్చన, గోడంత గట్టి. అది ఉన్నంతసేపు లోపలివాళ్ళు బయటికి పోలేరు, బయటివాళ్ళు లోపలికి రాలేరు, మాట కూడా దాటదు. వీధిలో అందరికీ అలవాటే. పాలవాడు చేత్తో తడిమి చూసి, పాకెట్టు పక్కింట్లో ఇచ్చిపోయేవాడు.

"దోమల్లేవు, చుట్టాల్లేరు. నీ ఆట పుణ్యమా అని ప్రాణానికి హాయిగా ఉందిరా," అనేది అక్క. భార్య పోయాక అతని కూతుర్ని పెంచింది ఆవిడే. ఇంట్లో ఆవిడ మాటకు తిరుగులేదు.

ఆ రోజు పొద్దున కవచం వేశాడు. మధ్యాహ్నం మూడు దాటాక తలెత్తితే మెట్ల మీద కూతురు, చేతిలో సంచి. ఆమెను చూసి మూడేళ్ళయింది.

మొగుడు చెయ్యి విరగ్గొడితే ఆనాడు పుట్టింటికి వచ్చింది. మేనత్త గుమ్మంలోనే ఆపి, "నువ్వు తిన్నగా ఉంటే వాడెందుకు కొడతాడే?" అంది. తండ్రి గడియారంలోకే చూస్తూ కూచున్నాడు. పిల్ల అటునుంచటే వెళ్ళిపోయింది. ఎవర్నీ ఏమీ అనడు, మంచివాడు అని వీధిలో అతనికి పేరు. అది మంచితనమో భయమో ఎవరూ విప్పి చూడలేదు.

కూతురు అరచేత్తో కవచాన్ని తట్టింది. చప్పుడు లేదు. సంచిలోంచి కాయితం తీసి, రాసి, కవచానికి ఆనించి పట్టుకుంది. "నాలుగింటికి బస్సు. దూరంగా పని దొరికింది. ఇంక రాను."

అతను చేతిలోని గడియారం పక్కన పెట్టాడు. ఆటలో తోటివాడికి ఫోనులో రాశాడు: "కవచం ఎలా తియ్యాలి తమ్ముడూ?"

"తియ్యడం ఉండదన్నా. ఎవరినైనా కొడితే దానంతటదే పోతుంది. కానీ చుట్టూ శత్రువులున్నారు, బూడిదైపోతావు."

"కొట్టేవాడు నా దగ్గర ఒక్కడూ లేడు. అందరూ కాపలావాళ్ళే."

"అదేం దాదాగిరీ అన్నా!" అని నవ్వే బొమ్మ పంపాడు వాడు.

అక్క చేతులు తుడుచుకుంటూ వచ్చి కిటికీలోంచి చూసింది. "ఓహో, మహారాణీగారా! కవచం ఉండటమే మంచిదయింది. ఉండనీ. బస్సు వేళకు దాని దారిన ఆ పిల్లే పోతుంది."

కూతురు కాయితం మడిచి సంచిలో పెట్టుకుంటోంది.

అతను భూతద్దం తీసి బల్ల మీద పెట్టాడు. "అక్కా, విరిగిన చెయ్యి చూస్తూ కూడా ఆ రోజు నువ్వు దాన్ని అన్న మాట, మనిషన్నవాళ్ళు అనే మాట కాదు."

ఆవిడ ముఖం చెంపదెబ్బ తిన్నట్టు పక్కకు తిరిగిపోయింది. కవచం పోయింది. వీధి చప్పుళ్ళన్నీ ఒక్కసారిగా ఇంట్లోకి వచ్చిపడ్డాయి. బల్ల మీద ఫోను గిలగిలా కొట్టుకుంది. పేటలో కొట్లు ఒకటొకటే తగలబడుతున్నాయి. అతను అటు చూడలేదు. వెళ్ళి తలుపు తీశాడు.

కూతురు మెట్లు దిగబోతూ ఆగింది. "లోపల ఏదో అన్నావు నాన్నా. పెదవులు కదిలాయి. నాకు వినపడలేదు."

మొదటిసారి అన్నప్పుడు కోపం తోడుంది. ఇప్పుడు అదీ లేదు. వెనక అక్క ముక్కు చీదుకుంటోంది. అయినా ఆ మాట మళ్ళీ అన్నాడు. పక్కింటివాళ్ళు పని ఆపి విన్నారు. ఆఖర్న, "నేనూ ఆ రోజు విన్నానమ్మా. విని ఊరుకున్నాను," అన్నాడు.

 కూతురు లోపలికి రాలేదు. సంచి ఒళ్ళో పెట్టుకుని గడప మీద కూచుంది. వీధి చివర నాలుగింటి బస్సు రెండుసార్లు హారను కొట్టి, కాసేపు ఆగి, వెళ్ళిపోయింది.